మంచె ఎక్కిన సంగమ్మ

సంగమ్మ దోమ అనే ఊరి దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టింది. ముగ్గురన్నల తర్వాత కలిగిన ఒక్కగానొక్క ఆడపిల్ల. ఇంట్లో కంటే చేలల్లోనే ఎక్కువ పెరిగింది. వడిసెల తిప్పి రాయి విసరడంలో అన్నలు కూడా ఆమెకు సాటి రారని వాళ్ళ నాయన పదిమందికీ చెప్పి మురిసిపోయేవాడు. పదిహేడో ఏట ఆమెను తాండూరు గంజ్‌లో ధాన్యం అడ్తి దుకాణం నడిపే సోమేశ్వర్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. అది 1948 ఎండాకాలం.

అత్తగారిల్లు పెద్దదే. ముందు దుకాణం, వెనక గోదాం, రెండిటి నడుమ ఇల్లు. గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, నేల నాపరాయి. ఎండాకాలంలో వచ్చింది కాబట్టి ఆ చల్లదనం చూసి సంగమ్మ సంబరపడింది. కిటికీలు లేవన్న సంగతి అప్పుడు పట్టించుకోలేదు. ఆకాశం కావాలంటే నడుమ వాకిట్లోకి వచ్చి తలెత్తి చూడాలి. చలికాలంలో ఆ వాకిట్లోకి ఎండ మిట్టమధ్యాహ్నం ఒక అరగంట వచ్చి, గోడెక్కి వెళ్ళిపోయేది.

ఆ ఏడు భాద్రపదంలో పోలీసు చర్య జరిగింది. అంతకుముందు కొన్ని నెలలుగా బజారంతా రజాకార్ల భయంతో తలుపులు బిగించుకునే బతికింది. దసరా నాటికి తలుపులు తెరుచుకున్నాయి, గంజ్‌లో బండ్లు మళ్ళీ నిండాయి, జనం వీధుల్లో నిలబడి నవ్వుతూ మాట్లాడుకున్నారు. సరిగ్గా అప్పుడే సంగమ్మ లోపల ఏదో మూసుకోవడం మొదలైంది.

ముందు నిద్ర ఎక్కువైంది. తర్వాత మాట తగ్గింది. కార్తీకం దాటేసరికి పొయ్యి ముందు కూర్చుని, పెనం మీద రొట్టె మాడిపోతున్నా దాని వైపే చూస్తూ ఉండిపోయేది. సోమేశ్వర్ నెమ్మదస్తుడు. పక్కన కూర్చుని అడిగేవాడు.

"ఏమైంది? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమన్లే."

"పుట్టింటి మీద మనసు పోయిందా? జర్ర పోయొస్తవా?"

"వద్దు."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ జరగలేదు. ఫలానా దుఃఖమని చెప్పుకోవడానికి ఒక్క కారణమైనా లేకపోవడమే ఆమెకు అన్నిటికంటే బరువుగా ఉండేది.

మాఘం చివరికి ఆ బరువు దానంతటదే దిగిపోయింది. శివరాత్రికి తలంటుకుని, పూలు పెట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో వామనగుంటలు ఆడింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ దీపావళి దాటగానే మొదటికొచ్చింది. మూడో ఏడూ అంతే. గాలి సోకిందని ఒకరు అంత్రం తాయెత్తు కట్టారు. దిష్టి అని ఒకరు మిరపకాయలు తిప్పి పోశారు. ఒక హకీం సాబ్ నాడి చూసి, గులాబీ వాసన వేసే షర్బత్ సీసా ఇచ్చాడు. సంగమ్మ అన్నిటికీ ఒప్పుకుంది. కాదనే ఓపిక కూడా ఉండేది కాదు.

ఆమె అత్త పద్మమ్మ గడుసు మనిషి. నోరు పెద్దది. కోడలిని అందరి ముందూ కసిరేది. కానీ లోలోపల లెక్క కట్టుకుంటూ వచ్చింది. మూడేళ్ళ తర్వాత ఒకనాడు కొడుకుతో అన్నది:

"ఇది దయ్యమూ కాదు, గాలీ కాదు సోమేశా. దయ్యమైతే ఎండకాలం యాడికి పోతది? ఇది చలితోని వచ్చి చలితోనే పోతున్నది. శివరాత్రి దాటితె నా కోడలు మళ్ళ మనిషైతది. నడుమ గీ మూడు నెలలు ఎట్ల గడపాల్నో అది ఆలోచించు."

కానీ ఎలా గడపాలో తల్లికీ తెలియలేదు, కొడుకుకూ తెలియలేదు. 1951లో సంగమ్మకు కొడుకు పుట్టాడు. బాల్‌రాజ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ చలికాలం పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని, వాడి మొహం చూస్తూ, వీడి మీద కూడా నాకు సంతోషం పుట్టడం లేదే అని లోపల్లోపల కుమిలిపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఏ తల్లి అనగలదు?

మరుసటి ఏడు ఎళ్ళమావాస్య వచ్చింది. కన్నడ సీమకు ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళలో మార్గశిరం చివరి అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేనికి పోయి, వండుకున్నదంతా ముందు భూమికి పెట్టి తర్వాత తాము తింటారు. సోమేశ్వర్‌కు పెద్దేముల్ దారిలో ఎనిమిది ఎకరాల నల్లరేగడి ఉంది. దాన్ని ఈరయ్య అనే పాలేరు కనిపెట్టుకుని ఉండేవాడు. కొత్త కందులు అమ్మకానికి వచ్చే కాలం కాబట్టి సోమేశ్వర్ గంజ్ వదిలి రాలేకపోయాడు. పద్మమ్మే కోడలినీ మనవడినీ బండిలో కూర్చోబెట్టుకుని బయలుదేరింది. సజ్జరొట్టెలు, పచ్చి కూరగాయలన్నీ కలిపి వండిన బజ్జి, అంబలి కుండ. సంగమ్మ తలకు కొంగు చుట్టుకుని బండిలో ఓ మూల ముడుచుకుని కూర్చుంది. నాలుగు రోజులుగా ఆమె నోట ముక్క మాట లేదు.

చేనికి చేరేసరికి జొన్న పాలు పోసుకుంటున్నది. కంకి కంకికీ పిట్టలే. ఈరయ్య మంచె మీద నిలబడి ఎడమ చేత్తో వడిసెల తిప్పుతున్నాడు. కుడి చేతికి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టి ఉంది. వారం కింద బావి మెట్లమీద జారి విరగ్గొట్టుకున్నాడట. అతను విసిరిన రాయి చేనులోకి పోకుండా వెనక్కి వచ్చి బండి పక్కన పడింది. ఎద్దులు బెదిరాయి.

"ఓరి ఈరిగా! పిట్టలను కొడ్తున్నవా, మమ్ముల్ని కొడ్తున్నవా?" అని అరిచింది పద్మమ్మ.

"ఏం జెయ్యాలె సావుకారమ్మా! ఎడమ చెయ్యి నా మాట ఇంటలేదు. మనుషులందరు కంది కోతకు పోయిండ్రు, కూలికి ఒక్కడు దొరుకుతలేడు. ఈ పది దినాలు గిట్లనే పోతె పిట్టలు మనకు సొప్పే మిగిలిస్తయి."

చిలుకల గుంపు ఒకటి చెట్టు మీద నుంచి లేచి, చేను నడుమ దిగింది. సంగమ్మ దాన్ని చూసింది. తర్వాత ఆమె ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. పిల్లవాడిని అత్త ఒళ్ళో పెట్టి, చీర కుచ్చెళ్ళు బిగించి, నిచ్చెన పట్టుకుని మంచె ఎక్కింది. ఈరయ్య చేతిలోంచి వడిసెల తీసుకుని, రాయి పెట్టి, మూడు చుట్లు తిప్పి వదిలింది. రాయి ఈల వేసుకుంటూ పోయి చిలుకల గుంపు అవతల దుబ్బమట్టిలో పడింది. గుంపంతా ఒక్కసారిగా లేచింది.

"హోయ్!" అన్నది సంగమ్మ. గొంతు రాలేదు. నాలుగు రోజులు మూతపడిన గొంతు కీచుమంది. మంచె మీదున్న ఖాళీ డబ్బాను కట్టెతో బాది మళ్ళీ అరిచింది. మూడోసారికి గొంతు తెరుచుకుంది. ఆ కేక అవతలి చేనిదాకా పోయింది. అక్కడి కావలి మనిషి ఎవరో బదులు కేక వేశాడు.

కింద పద్మమ్మ మనవడిని పైకెత్తి చూపించింది. మనవడు మంచె మీది తల్లిని చూసి చప్పట్లు కొట్టాడు.

ఆ పూట సంగమ్మ మంచె దిగలేదు. రొట్టె కూడా పైకే అందించారు. ఎండ వీపు మీద పడుతూనే ఉంది. పొద్దు వాలేవేళకు గొంతు బొంగురుపోయింది, భుజం లాగింది, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. బండిలో తిరిగి వస్తూ, "అత్తమ్మా, ఆకలైతున్నది" అన్నది. ఎన్నో రోజులకు ఆమె అడిగి తిన్న రొట్టె అది.

ఇలా ఒక్కనాటితో అంతా బాగైపోయిందంటే అది కట్టుకథే అవుతుంది. మరునాడు తెల్లవారితే మళ్ళీ అదే చీకటి, అదే బరువు. సంగమ్మ దుప్పటి ముసుగు తియ్యలేదు. పద్మమ్మే వచ్చి ముసుగు లాగేసింది.

"లే. బండి కట్టిచ్చిన."

"నాతోని గాదు అత్తమ్మా."

"నీతోని అయితదా కాదా అని నేనడుగుతలేను. ఈరిగాని చెయ్యికి కట్టు ఇప్పలే. పిట్టలు నీ మనసు మంచిగయ్యేదాంక ఆగుతయా? మనసు ఈడ్నే పండుకోనీ. ఒళ్ళును తీస్కొని నడువు."

సంగమ్మ ఏడుస్తూనే లేచింది. ఏడుస్తూనే బండెక్కింది. మంచె మీదికి చేరి, రెండు మూడు రాళ్ళు విసిరిన తర్వాత ఏడవడానికి తీరిక లేకపోయింది.

బజారులో మాటలు పుట్టాయి. ఎదురింటి ఎంకమ్మ నీళ్ళ దగ్గర పద్మమ్మను ఆపింది.

"ఏందమ్మా పద్మమ్మా, పెద్దింటి కోడలు మంచె మీద నిలబడి కూతలు పెడ్తున్నదట గదా? ఏం పరేషాన్ వచ్చింది మీకు? ఓ కూలిమనిషిని పెట్టుకునే తాకత్ లేకపాయెనా?"

"తాకత్ ఉన్నది గాబట్టే పంపిన" అన్నది పద్మమ్మ, బిందె నడుముకెత్తుకుంటూ. "నా కోడలు విసిరిన రాయి ఎంత దూరం పోతదో చూస్తవా? రేపు మా బండిల జాగా ఉన్నది, రా."

ఎంకమ్మ రాలేదు. అడగడం మాత్రం మానేసింది.

ఈరయ్య చెయ్యి బాగైనా సంగమ్మ మానలేదు. ఏటేటా చలికాలం కోసం ముందే తయారవడం నేర్చుకుంది. దీపావళి దాటగానే శనగ చేలల్లో ఆకు గిల్లడానికి కూలిజనంతో కలిసి కూర్చునేది. మార్గశిరం నుంచి మంచె. ఈరయ్య భార్య జంగమ్మ మొదట ఆమె ముందు మాట్లాడటానికే జంకేది. రెండో ఏటికల్లా ఇద్దరూ మంచె కింద నిప్పు వేసుకుని, పచ్చి జొన్న కంకులు కాల్చి, నలిపి ఊసబియ్యం తింటూ అత్తల మీద చాడీలు చెప్పుకునేదాకా వచ్చారు. బరువు ప్రతి ఏడూ వచ్చేది. కానీ పట్టు సడలింది. చీకటి తెల్లవారుజాముల్లో ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ పలచబడేది. ఆ సంగతి తెలిసినందువల్ల తెల్లవారుజామున తనకు కలిగే ఆలోచనలను ఆమె నమ్మడం మానేసింది. పది గంటల ఎండలో కూడా నిలబడే ఆలోచనైతే అప్పుడు చూసుకోవచ్చు అనుకునేది.

1956లో మాత్రం గట్టి దెబ్బ తగిలింది. మార్గశిరంలో పట్టకూడని ముసురు పట్టింది. వారం రోజులు ఎండ లేదు. జొన్న పడిపోయి, కంకులు నల్లబడిపోయాయి. తినడానికి పిట్టలే రాని చేనుకు కావలి ఏముంటుంది? సంగమ్మ ఇంట్లో పడుకుంది. ఈసారి అత్త వచ్చి ముసుగు లాగినా లేవలేదు. తనను ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఆ చేనే, అది పోయింది, ఇక తన పని అయిపోయింది అనుకుంది.

పదో రోజున జంగమ్మ పెద్దేముల్ దారి నుంచి బురదలో నడుచుకుంటూ వచ్చింది. దుకాణం ముందు నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. పద్మమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. జంగమ్మ మంచం పక్కన కూర్చుని ఏ ఓదార్పూ చెప్పలేదు.

"అమ్మా, కంది కట్టెలన్ని తడిసినయి. తిరగేసి ఆరబెట్టకుంటె బూజు పడతయి. నలుగురమే ఉన్నం. నువ్వొస్తె ఐదుగురమైతం" అన్నది.

సంగమ్మ ముసుగు కొంచెం తొలగించింది. తర్వాత అడిగింది, "ఎండ వచ్చిందా?"

"రాలే. వస్తదని మబ్బు జర్ర తేలికైంది."

వెళ్ళింది. కళ్ళంలో సంగమ్మతో కలిసి ఐదుగురు ఆడవాళ్ళు మోకాళ్ళదాకా తడిసి, కంది కట్టెలు తిరగేశారు. ఒకామె జారిపడింది. ఆమెను లేపబోయి ఇంకొకామె పడింది. నవ్వు పుట్టింది. ఆ నవ్వులో సంగమ్మ నవ్వు కూడా ఉందని ఆమె కొంచెం ఆలస్యంగా గమనించింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అత్తతో, "నన్ను బతికిచ్చింది మంచె గాదు అత్తమ్మా. బయటికి పోవుడు. నలుగుర్ల ఉండుడు. చేతికి పని ఉండుడు. అది యాడనన్న దొరుకుతది" అన్నది.

పద్మమ్మ 1959లో పోయింది. ఎండాకాలంలో పోయింది, కోడలు గట్టిగా ఉన్న రోజుల్లో. ఆ మరుసటి ఏడు సోమేశ్వర్ తాండూరు దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, వికారాబాద్‌లో కొత్తగా దుకాణం తెరిచాడు. స్టేషన్‌కు దగ్గర్లో అద్దె ఇల్లు. బాల్‌రాజ్ బడికి సౌకర్యంగా ఉంటుందని కూడా అనుకున్నారు. సంగమ్మ ఒప్పుకుంది గానీ చలికాలం తలుచుకుని భయపడింది. వికారాబాద్‌లో చలి ఎక్కువ. అనంతగిరి గుట్టల మీద నుంచి మంచు దిగి, తొమ్మిదింటిదాకా వీధిలో మనిషి కనబడడు. అక్కడ చేను లేదు, జంగమ్మ లేదు, ముసుగు లాగే అత్త లేదు.

దీపావళి దాటింది. నిద్ర బరువెక్కడం మొదలైంది. సంగమ్మ ఈసారి ఆగలేదు. ఒక పొద్దున శాలువా కప్పుకుని, ఊరు దాటి ఆలంపల్లి వైపు నడిచింది. దారి పక్కనే నాలుగెకరాల జొన్న చేను, నడుమ మంచె కనిపించాయి. గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన పేరు అంజిలయ్య.

"కాకా, నీ చేనుకు కావలి ఎవరున్నరు?"

అంజిలయ్య ఆమె చీరనూ, మెడలో గుండ్లనూ, కాళ్ళ చెప్పులనూ చూశాడు. "నేనే. ఎందుకమ్మా?"

"పాలకంకి పడ్డంక నేను కావలి కాస్త. పొద్దుగాల వచ్చి మధ్యాహ్నందాంక."

"నువ్వా? కూలి ఎంత?"

"కూలి వద్దు."

అంజిలయ్య చుట్ట పక్కన పెట్టాడు. "కూలి వద్దంటె ఇంకేం కావాలె? భూమి గిట్ల కొనే ఉపాయమా? నేనైతె అమ్మేది లేదు."

సంగమ్మకు నవ్వు వచ్చింది. "భూమి వద్దు కాకా. నాకు గీ ఎండ కావాలె, గట్టిగ అరిచే జాగ కావాలె. చలికాలం ఇంట్ల ఉంటె నా మనసు మంచిగుండది. గిదే నా రోగం. గిదే మందు."

పన్నెండేళ్ళలో ఆ మాట పరాయివాడి ముందు చెప్పడం అదే మొదటిసారి. సిగ్గుపడతాననుకుంది, పడలేదు. అంజిలయ్య గట్టు మీద జరిగి ఆమెకు చోటిచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"మా ఇంట్ల మా కోడలు ఉన్నది, రాధమ్మ. పోయిన ఏడు కడుపు పోయింది. గప్పటికెళ్ళి మూలకు కూసుంటది. ఎండకాలం జర్ర లేచి తిరిగింది. మళ్ళ ఇప్పుడు గట్లనే అయింది. నువ్వు ఒక్కసారి చూస్తవా బిడ్డా?"

సంగమ్మ ఆరోజే ఆ ఇంటికి వెళ్ళింది. రాధమ్మకు ఇరవై ఏళ్ళుంటాయి. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సంగమ్మ పక్కన కూర్చుని, అక్కడున్న చాటలోని చిక్కుడుకాయల ఈనెలు తీసింది. ఏమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు "రేపొస్త" అన్నది. మరునాడు వచ్చింది. అలా తొమ్మిది రోజులు. ధైర్యం చెప్పలేదు. దేవుడున్నాడని చెప్పలేదు. అలాంటి మాటలు తనకు ఎంత దూరం నుంచి వినిపించేవో ఆమెకు గుర్తుంది. తొమ్మిదో రోజు రాధమ్మ ఇటు తిరిగి, "రోజు ఎందుకొస్తున్నవ్ అక్కా?" అని అడిగింది.

"నాకూ గిట్లనే అయితది గాబట్టి."

"నీకు గూడ కడుపు పోయిందా?"

"లేదు. నాకు ఏం పోలేదు. అయినా అయితది."

రాధమ్మ లేచి కూర్చుంది. ఏ కారణమూ లేకుండా కూడా ఈ బాధ వస్తుందని, వచ్చినదాన్ని మోస్తూ ఒక మనిషి తన పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్నదని తెలిసి, ఆమెకు ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. సంగమ్మ చాట పక్కన పెట్టి, వీపు నిమురుతూ కూర్చుంది.

మంచె కాలం వచ్చేసరికి రాధమ్మ చేనిదాకా నడిచి వచ్చింది. మొదటి మూడు రోజులు మంచె కింద ఎండకు వీపు పెట్టి ఊరికే కూర్చుంది. నాలుగో రోజు సంగమ్మ కావాలనే డబ్బా ఆమె ఒళ్ళో పెట్టింది. చిలుకలు దిగాయి. రాధమ్మ కట్టెతో డబ్బాను ఒక్క దెబ్బ కొట్టింది. అప్పుడే గట్టు మీద కునుకు తీస్తున్న అంజిలయ్య ఉలిక్కిపడి, ధోవతి ఎగ్గట్టి పరుగు తీయబోయాడు. రాధమ్మకు నవ్వు ఆగలేదు. కోడలు నవ్వడం విని ముసలాయన అక్కడే నిలబడిపోయి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాతి చలికాలాల్లో ఆ మంచె దగ్గరికి ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఒకామె స్టేషన్ క్వార్టర్లలో ఉండే రైల్వే ఉద్యోగి భార్య, భాష రాని ఊరిలో ఒంటరిగా ఉండలేక వచ్చేది. ఇంకొకామె మొగుడు పోయిన మనిషి. ఎవరి బాధ వాళ్ళది. కేకలు మాత్రం అందరివీ కలిసి గుట్టదాకా పోయేవి. సోమేశ్వర్ అప్పుడప్పుడూ సైకిల్ మీద వచ్చి, బెల్లం, పల్లీలు ఇచ్చి, కాసేపు నిలబడి చూసి పోయేవాడు. రాధమ్మకు 1963లో బిడ్డ పుట్టింది. చంటిపిల్లను గొంగడిలో చుట్టి మంచె కింద ఊయల కట్టారు.

1965 వానాకాలం చివర అంజిలయ్య సంగమ్మ ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"ఈ యేడు కుసుమ ఏద్దామనుకుంటున్న బిడ్డా. కుసుమ అంత ముండ్లే, పిట్ట వాలది. కావలి బాధ ఉండది."

సంగమ్మ చెరుగుతున్న చాట కింద పెట్టింది. "కావలి బాధ ఉండదా? మరి మేమేం జెయ్యాలె కాకా?"

"అదే గదా! మా కోడలు గూడ పొద్దుగాల్నుంచి గదే లొల్లి. ముసలోడు చెడగొట్టిండు అంటున్నది. బువ్వ గూడ సక్కగ పెడ్తలేదు."

చివరికి ఒప్పందం కుదిరింది. రెండెకరాలు కుసుమ, రెండెకరాలు జొన్న. విత్తేనాడు అంజిలయ్య గొణుగుతూనే ఉన్నాడు, పిట్టల కోసం సేద్యం చేసే మొనగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అని. గొర్రు వెనక సాళ్ళు పడుతుంటే, సంగమ్మా రాధమ్మా గట్టు మీద నిలబడి, ఈసారి మంచె ఎక్కడ వేస్తే పొద్దుటి ఎండ ముందుగా తగులుతుందో చేతులు చాచి చూపించుకుంటూ వాదులాడుకున్నారు.